పటంలో ఎర్ర గడి

ఏప్రిల్ 9

వదినకు,

ఫోన్ చేస్తే మీ నీళ్ళ మోటారు రొదలో "ఆఁ? ఆఁ?" అనడం తప్ప నాకేమీ వినపడలేదు. "ఏదైనా ఉంటే కాగితం మీద రాసి ఏడువ్" అని పెట్టేశారు. సరే, రాసి ఏడుస్తున్నాను. మొక్కల కుండీల మధ్య నిలబడి కాదు, కాస్త కూర్చుని చదవండి.

వదినా, ఆ పని నాకే ఇచ్చారు! మీ ఊరూ, చుట్టుపక్కల ప్రాంతమూ కలిపి వచ్చే ఇరవై ఏళ్ళకి మా ప్లానింగ్ ఆఫీసు ప్రణాళిక వేస్తోందని చెప్పానుగా. దానికి కావలసిన లెక్కల మోడల్ తయారుచేసేది నేనే. పొద్దున ఆఫీసరుగారు పిలిచి చెప్పగానే ఎగిరి గంతేయబోయి, ఆయన బల్ల మీది టీ కప్పు చూసి ఆగిపోయాను.

మోడల్ అంటే ఏమిటని మీరడిగేలోగా నేనే చెప్పేస్తా. ప్రాంతమంతటినీ చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టాం. ఒక్కో గడిలో నేల ఎటు వాలుగా ఉంది, రోడ్డు ఎంత దూరం, బావులున్నాయా, పక్క గడిలో ఇళ్ళున్నాయా, అన్నీ కంప్యూటరుకి ఇస్తాం. ఇన్నాళ్ళూ జనం ఎలాంటి చోట్ల ఇళ్ళు కట్టుకున్నారో అది నేర్చుకుని, ఇకమీదట ఎటువైపు కడతారో చెబుతుంది. ఎక్కడ ఇళ్ళు రానివ్వాలో, ఎక్కడ నేలని నేలలాగే వదిలెయ్యాలో అది చూసి నిర్ణయిస్తారు.

మొట్టమొదటిసారి నడిపితే వచ్చిన మీ ఊరి పటం ఇందులో పెట్టాను. ఆగలేకపోయాను మరి! మీ నర్సరీ వెనక మాష్టారి ఖాళీ స్థలం చూశారా? ఎర్రగా వెలిగిపోతోంది! మమ్మల్ని ఇల్లు కట్టుకోమని ఇన్నేళ్ళుగా మీరు పోరు పెడుతున్న స్థలమే! ఇప్పుడు రోజూ రైలు నడుస్తోంది కాబట్టి ఈ అద్దె గదులు వదిలేసి మీ ఊరి నుంచే ఆఫీసుకి రావచ్చు. మాష్టారు ఈ ఏడు మాకే ఇస్తానని మాటిచ్చారు కూడా కదా. మీ ఇంటి గడి మాత్రం తెల్లగా వచ్చింది. ఇరవై ఏళ్ళలో అక్కడ ఏ మార్పూ ఉండదని దాని అర్థం.

పటం ఎవరికీ చూపించకండి. ఇంకా పచ్చి లెక్క అది.

మీ తమ్ముడు కులాసా. పటమంతా చూసి, "ఇందులో అక్క నోరు ఏ రంగులో ఉంది?" అన్నాడు.

మీ మరదలు

ఏప్రిల్ 17

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివి గుండె గుభేలుమంది. ఎర్రగా వెలిగిపోతోందని అంత సంబరంగా ఎలా రాశావే తల్లీ? స్టేషను రోడ్డు వెడల్పు చేసినప్పుడు గోడల మీద ఎర్ర రంగుతో గీతలు గీసి వెళ్ళారు. మళ్ళీ వచ్చేసరికి ఆ గోడలు లేవు. ఎరుపంటే ఏమిటో ఈ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. మాష్టారి స్థలం మీ ఆఫీసువాళ్ళు లాగేసుకుంటున్నారన్నమాట. ఆ పక్కనే ఉన్న నా నర్సరీ సంగతేమిటి?

ఎవరికీ చూపించొద్దన్నావు, చూపించలేదు. ఒక్క దర్జీకి మాత్రం చూపించాను, అదీ నా కళ్ళజోడు కనపడక. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తొంగి చూశారు. అందులో నా తప్పేముంది? ఇప్పుడు నర్సరీకి వచ్చేవాళ్ళెవరూ మొక్కలడగడం లేదు, "మాది ఏ రంగండీ?" అని అడుగుతున్నారు. పాలాయన తన గడి లేత పసుపని తెలిసి మూతి ముడుచుకుని వెళ్ళిపోయాడు.

మాష్టారయితే బెంబేలెత్తిపోయారు. గవర్నమెంటు పట్టుకుపోయేలోగా ఎవరొస్తే వాళ్ళకి ఇచ్చేస్తానంటున్నారు. నా తమ్ముడి ఇల్లు నా కళ్ళెదురుగా లేవాలని నేను పడ్డ పాట్లు నీకేం తెలుసు? పొద్దున్నే కిటికీ తెరిస్తే వాడి వాకిలి కనపడాలని, నువ్వు పప్పులో ఉప్పు మరిచిపోతే ఇక్కణ్ణుంచే అరిచి చెప్పాలని ఎన్ని అనుకున్నాను! ఆ స్థలం చెయ్యి దాటిందో, నీ కంప్యూటరుని నేనే వచ్చి నా నీళ్ళ తొట్టిలో ముంచుతా.

ఇంకోటి. నా ఇంట్లో ఇరవై ఏళ్ళు ఏ మార్పూ ఉండదా? మీ అన్నయ్య ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ చదువుకుని, "ఇంకేం, సున్నం కూడా వేయించక్కర్లేదు" అని కుర్చీలో వెనక్కి వాలాడు. బస్సు నడిపి వచ్చాక ఆయనకి ఆ కుర్చీ ఒక్కటే లోకం. ఇప్పుడు దానికి నీ ఆఫీసు ముద్ర కూడా పడింది.

వదిన

ఏప్రిల్ 24

వదినకు,

అయ్యో రామా! ఎరుపంటే లాక్కోవడం కాదు! అక్కడ ఇళ్ళు కట్టడానికి జనం ఎక్కువగా వస్తారని అర్థం, అంతే. వాన పడేలా ఉందని చెప్పినవాళ్ళు వాన కురిపించరు కదా. మాష్టారికి ఈ మాట వెంటనే చెప్పండి. పటం మాత్రం దయచేసి బీరువాలో పెట్టి తాళం వెయ్యండి, తాళం అన్నయ్యగారికి ఇవ్వండి.

ఇక అసలు విశేషం. మోడల్ నిజంగా నేర్చుకుందా, ఊరికే మమ్మల్ని మాయ చేస్తోందా తెలియాలంటే ఒక పరీక్ష ఉంది. ఇరవై ఏళ్ళ కిందటి పటం దానికిచ్చి, "ఈనాటి ఊరు నువ్వే గీయి" అన్నాం. గీసింది వదినా! స్టేషను వెనక వీధులు, కొత్త బడి పక్క ఇళ్ళు, మీ దర్జీ ఉండే కింది వీధి, అన్నీ ఉన్నచోటే వచ్చాయి. ఆఫీసులో అందరం తెర చుట్టూ మూగిపోయాం. నాకైతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఒక్కచోట మాత్రం తప్పింది. ఎక్కడో చెప్పుకోండి చూద్దాం! మాష్టారి స్థలంలో! అక్కడ ఎప్పుడో ఇళ్ళు వచ్చేసి ఉండాలని మోడల్ మొండికేసి కూర్చుంది. రోడ్డు పక్కనే ఉంది, నేల చదునుగా ఉంది, చుట్టూ ఇళ్ళున్నాయి. మరి అక్కడొక్కచోటే ఎవరూ ఎందుకు కట్టలేదు? దానికి కారణం తేలకుండా ముసాయిదా ప్రణాళిక ఊరి సభ ముందు పెట్టనని ఆఫీసరుగారు ఖచ్చితంగా చెప్పేశారు. కారణం తేలి, అది ఇళ్ళ స్థలంగా ఖాయమైతే మన ఇంటికి ఇక అడ్డే లేదు. ఇన్నేళ్ళుగా దాని పక్కనే ఉంటున్నారు, మీకేమైనా తెలుసా?

మీ మరదలు

మే 3

అమ్మాయ్,

నువ్వు చెప్పినట్టే మాష్టారికి చెప్పాను. పాలాయనకి చెప్పాను, దర్జీకి చెప్పాను, బస్టాండులో మీ అన్నయ్య చేత చెప్పించాను. ఊరంతా అటే పెరుగుతుందట, కంప్యూటరు చెప్పిందట అని చెప్పాను. కొంప మునిగింది! ఇప్పుడు మాష్టారి గుమ్మం ముందు చెప్పులు విడవడానికి చోటు లేదు. ఇన్నాళ్ళూ అటు తిరిగి చూడనివాళ్ళు కూడా ఆ స్థలం మాకంటే మాకంటున్నారు. అందరికంటే ముందున్నది దర్జీ. కొట్టు ఇరుకైపోయిందట, అక్కడ పెద్దది కడతాడట. మాష్టారు నా మొహం చూసి మొహమాటంగా నవ్వుతున్నారు. ఆ నవ్వు నాకేం నచ్చలేదు.

ఇక నువ్వడిగినదానికి జవాబు. ఇది ఆఫీసులో చూపించు, అందుకే మంచి దస్తూరీతో రాస్తున్నాను.

సదరు స్థలంలో వానాకాలంలో మోకాళ్ళ లోతు నీళ్ళు నిలుస్తాయి. నేల దిగబడుతుంది. పాములు కూడా తిరుగుతాయి. అందువల్లనే ఇంతవరకూ ఎవరూ ఇళ్ళు కట్టలేదు.

మీ అన్నయ్య దీనికింద సంతకం పెట్టమంటే కుర్చీలో నిద్ర నటిస్తున్నాడు.

వదిన

మే 14

వదినకు,

మీరు బంగారం! మీ కాగితం చూసి ఆ గడికి నీటి ముంపు చేర్చి మోడల్‌ని మళ్ళీ నడిపాను. వెంటనే సరిపోయింది! ఆ ఒక్క తప్పూ పోయింది. ఆఫీసరుగారు అందరికీ టీ తెప్పించారు. ఆయన టీ తెప్పించడం ఈ ఆఫీసు చరిత్రలోనే లేదట.

కానీ ఒక దిగులు. నీళ్ళు నిలిచేచోట ఇల్లు కట్టనివ్వరు కదా. మన ఇల్లు పోయినట్టే. పైగా ఆ పక్కన అదే ఎత్తులో ఉన్న కింది వీధికి కూడా మోడల్ ముంపు రంగు వేసేసింది. దర్జీ ఇక ఒక గది వేసుకోవాలన్నా అనుమతి రాదు. అయినా ఏం చేస్తాం, నిజం నిజమే. ఇన్నేళ్ళు మన ఇల్లు అక్కడే అనుకుంటూ కూడా ఈ సంగతి నాకెందుకు చెప్పలేదో మాత్రం

ఇక్కడిదాకా రాశానో లేదో మీ తమ్ముడు వచ్చి భుజం మీంచి మీ కాగితం చదివాడు. నేల మీద కూర్చుని మరీ నవ్వాడు. "పాములు కూడానా! ఇంతకుముందు నీళ్ళు ఒక్కటే ఉండేవి" అన్నాడు. స్థలం చూడటానికి ఎవరొచ్చినా మీరు ఇదే చెప్పి సాగనంపేవారట కదా. అక్కడ నీళ్ళు నిలవగా తను పుట్టి బుద్ధెరిగాక చూడలేదట.

ఒళ్ళు మండిపోతోంది వదినా! మొత్తం ఆఫీసు మీ అబద్ధం మీద టీ తాగింది. రేపు పొద్దున్నే వెళ్ళి ఆఫీసరుగారికి ఏమని చెప్పను? ఆ తప్పుడు ముంపు తీసెయ్యకపోతే కింది వీధివాళ్ళ గతేమిటి? అయినా మోడల్ ఎందుకు సరిపోయిందో ఇప్పుడర్థమైంది. అక్కడ నీళ్ళున్నాయని ఊరంతా నమ్మింది, అందుకే ఎవరూ కట్టలేదు. ఇన్ని గళ్ళున్న ప్రాంతంలో నా లెక్కకి లొంగని కొండ ఒక్కటే ఉంది, అది మీరు.

మరదలు

మే 22

అమ్మాయ్,

అవును, చెప్పాను. చెబుతాను కూడా. నా తమ్ముడి కోసం చెప్పాను, నాకోసం కాదు. మావాడు కాలేజీలో ఉన్నప్పుడే ఆ స్థలం వాడిదని నేను అనుకున్నాను. వాడికి ఉద్యోగం వచ్చేదాకా, పెళ్ళయ్యేదాకా, మీ ఇద్దరికీ తీరిక దొరికేదాకా దాన్ని ఎవరు కాపాడారనుకున్నావు? నీ కంప్యూటరా?

నోటితో చెబితే సరిపోయిందనుకున్నావేమో, తెగ కష్టపడ్డాను. చూడటానికి ఎవరైనా వస్తున్నారని తెలిస్తే ముందే నర్సరీ పైపు అటు తిప్పి వదిలిపెట్టేదాన్ని. ఆ నేల ఒక రాక్షసి. తొట్టెలకి తొట్టెలు పోసినా గటగటా తాగేసి ఎండిన మొహంతో చూసేది. వచ్చేవాళ్ళు కాస్త ఆలస్యం చేశారా, నా శ్రమంతా బూడిదపాలు. దర్జీ వచ్చిన రోజయితే ఆయన గుమ్మం దాటి బయల్దేరేదాకా పైపు కట్టనేలేదు. ఆయన జోళ్ళకి బురద అంటుకున్నాక నా ప్రాణం కుదుటపడింది.

నువ్వు నా మీద అరిచావు, నేను నీ మీద అరిచాను, చెల్లుకి చెల్లు. నీళ్ళు తీసేసి స్థలాన్ని మళ్ళీ ఎర్రగా చెయ్యి. మాష్టారిని నేను చూసుకుంటా.

వదిన

జూన్ 6

వదినకు,

మీ ఉత్తరంలో ఒక్క ముక్క దగ్గర ఆగిపోయాను. తొట్టెలకి తొట్టెలు పోసినా గటగటా తాగేసేదా? చుట్టూ ఉన్నదంతా జిగురు మట్టి అని మా దగ్గరున్న పటంలో ఉంది. జిగురు మట్టి అలా తాగదు. ఉత్తరం పట్టుకుని ఆఫీసరుగారి గదిలోకి పరిగెత్తాను. ముంపు అబద్ధమని చెప్పాను, ఆయన మొహం ఎర్రబడింది. పైపు సంగతి చదివి వినిపించాను, ఆయనే కుర్చీలోంచి లేచారు. "పాపం ఆవిడ ఇన్నేళ్ళుగా మనకి మట్టి పరీక్ష చేసిపెట్టింది, అదీ కావాలని కాదు" అన్నారు.

అడుగు లేని డబ్బాలు నేలలో దిగ్గొట్టి నీళ్ళు పోసిన మనుషుల్ని మీరు చూసే ఉంటారు. వాళ్ళు మావాళ్ళే. ఫలితం వచ్చింది వదినా! ఆ స్థలం కింద ఇసుక పొర ఉంది. అక్కడ పడ్డ వాన అక్కడే ఇంకి, నేలలోంచే పాకి కింది వీధి బావుల్లోకి చేరుతోంది. బావుల నీటి మట్టం లెక్కలు తెచ్చి కలిపి చూస్తే ముక్కకి ముక్క అతికినట్టు సరిపోయింది. ఈ రెండు నెలల పనిలో ఇంత ఆనందం నాకెప్పుడూ కలగలేదు. మెట్ల మీద ఒక్కదాన్నే నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను.

ఆ తర్వాత అసలు ప్రశ్న అడిగాను. అక్కడ ఇళ్ళూ, సిమెంటు వాకిళ్ళూ వస్తే ఏమవుతుంది? ఎండాకాలం కింది వీధి బావులు అడుగంటుతాయి. మళ్ళీ నడిపాను. ఇల్లు చిన్నది చేసి నడిపాను. ఒకే ఒక్క ఇల్లు, మనదే, పెట్టి నడిపాను. ఒక్క ఇంటితో పెద్ద తేడా రాదు. కానీ మనకి ఇచ్చి, పక్కనున్న దర్జీకి మాత్రం ఇవ్వకూడదని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అందరికీ ఇచ్చినట్టు పెడితే మాత్రం బావులు ఎండుతున్నాయి.

అది మా వాళ్ళు కొనాలనుకున్న స్థలమని ఆఫీసరుగారికి చెప్పేశాను. సభకి నేను రాకూడదన్నారు, అదే సబబు. వేరే అతను వస్తాడు. మాష్టారికి దాని బదులు స్టేషను రోడ్డు పక్కన స్థలం ఇస్తారు. ఆ గడి ఇక ఎప్పటికీ ఖాళీగా ఉంచాలని ముసాయిదాలో రాసింది నేనే. రాస్తుంటే మీ కిటికీ గుర్తొచ్చింది. చాలా ఏడుపొచ్చింది వదినా.

మీ మరదలు

జూన్ 12

నీ కోపం ఇలా తీర్చుకుంటావనుకోలేదు. ఒక్క అబద్ధానికి ఇంత శిక్షా? ఎరుపన్నావు, ముంపన్నావు, ఇప్పుడు ఇసుకంటున్నావు. నాకు రంగులూ వద్దు, ఉత్తరాలూ వద్దు. సభకి వెళ్తాను, వెళ్ళి నీ పటం చించి వస్తాను. తమ్ముడికి మాత్రం ఒంట్లో జాగ్రత్తగా ఉండమను.

జూన్ 18

వదినకు,

వద్దన్నా రాస్తున్నాను. చించండి. కానీ చించేముందు ఒక్కసారి పైపు వదిలి చూడండి. అంతే.

మీ మరదలే

జూలై 1

అమ్మాయ్,

మోటారు కట్టేసి, చేతులు కడుక్కుని, కూర్చుని రాస్తున్నాను. నువ్వూ కూర్చో.

నీ ముక్క అందగానే ఇంకా ఒళ్ళు మండింది. పైపు వదలమంటావా, చూడు ఎలా వదులుతానో అని పొద్దున వదిలింది సాయంత్రం దాకా కట్టలేదు. ఎవరినీ మోసం చెయ్యడానికి కాకుండా అక్కడ నీళ్ళు పోయడం అదే మొదటిసారి. మధ్యాహ్నం మీ అన్నయ్య కుర్చీ తెచ్చుకుని నా పక్కనే కూర్చున్నాడు. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. చుక్క నిలిస్తే ఒట్టు. "మరి పై వీధి బావులు ఎండాకాలం ఎండిపోతాయి, దర్జీ బావి ఎండదేం?" అన్నాడాయన. నేనేమీ మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం చూసి ఆయన హడలిపోయాడు.

అయినా సభకి చించాలనే వెళ్ళాను. బడి హాలు కిటకిటలాడిపోయింది. మీ ఆఫీసు అబ్బాయి మంచివాడే కానీ కాగితంలోంచి తలెత్తకుండా చదివాడు. బావుల మాట ఎత్తగానే దర్జీ లేచాడు. "ఇన్నాళ్ళూ నీళ్ళు నిలుస్తాయని చెప్పి ఈవిడ మమ్మల్ని తరిమేసింది. ఇప్పుడు నీళ్ళు ఇంకుతాయని వీళ్ళ మరదలు రాసింది. అంతా ఒకే ఇంటివాళ్ళు, స్థలం వాళ్ళు కొట్టేయడానికి కూడబలుక్కున్నారు!" అన్నాడు. హాలంతా నావైపు తిరిగింది. ఆ అబ్బాయి నీ పటాన్ని చుట్టి మెలితిప్పుతున్నాడు. ఇంకాసేపయితే నేను చించక్కర్లేకుండానే చిరిగేలా ఉంది.

నిన్ను అంత మాటంటే నాకు ఆగిందా? లేచాను. "అవునయ్యా, అబద్ధం చెప్పాను. నీ జోళ్ళకి అంటిన బురద నా పైపులోదే. నా తమ్ముడి ఇల్లు నా కళ్ళెదురుగా ఉండాలని చెప్పాను. నా మరదలికి అబద్ధం చేతకాదు. చేతనైతే ఆ స్థలం ఎర్రగానే ఉంచి, ఈపాటికి పునాది తవ్వించేది. అది ఖాళీగా ఉంచాలని తన చేత్తో తనే రాసింది. ఆ ఇల్లు వద్దని ఇప్పుడు నేను కూడా చెబుతున్నాను. నమ్మకపోతే రా, పైపు వదులుతా, నువ్వే చూడు. నీ బావి కోసం నా కిటికీ వదులుకుంటున్నాను, ఇంకేం కావాలి నీకు?" అన్నాను. చివర పమిటతో కళ్ళు తుడుచుకున్నాను. అందరూ చూశారు, చూస్తే చూడనీ.

దర్జీ తన జోళ్ళకేసి చూసుకున్నాడు. "మా ఇంట్లో ఎండాకాలం కూడా నీళ్ళుంటాయి, నిజమే" అని కూర్చున్నాడు. ఆ తర్వాత చేతులెత్తమంటే హాలంతా లేచింది. మాష్టారు రెండు చేతులూ ఎత్తారు. మీ ఆఫీసు అబ్బాయి ఆ సంబరంలో పటం నా చేతికిచ్చేసి వెళ్ళిపోయాడు. చించలేదులే.

ఆ పటం ఇప్పుడు నా ఎదురుగానే గోడ మీద ఉంది. మాష్టారి గడి ఆకుపచ్చగా ఉంది, చూడముచ్చటగా ఉంది. దాన్ని చూసీ చూసీ పక్కనున్న నా గడి చూశాను. ఇప్పటికీ తెల్లగానే ఏడుస్తోంది. ఇరవై ఏళ్ళు ఏ మార్పూ ఉండదట! మా కప్పు మీద ఒక్క వాన చుక్కయినా ఇంకుతుందా? ఎప్పుడో కట్టిన ఇల్లే కదా. మరి దాని మీద ఇంకో అంతస్తు లేస్తే ఏ బావి ఎండుతుంది? తాపీమేస్త్రీని పిలిచి చూపించాను. గోడలు గట్టివే, మేడ మోస్తాయన్నాడు. మెట్లు బయటినుంచి పెట్టిస్తాను, నా నోరు భరించలేనప్పుడు తలుపేసుకోవచ్చు. మీ అన్నయ్య కుర్చీ వదిలి మేస్త్రీ వెనకాల టేపు పట్టుకుని తిరుగుతున్నాడు. ఇది ముందు నీ కంప్యూటరుకి చెప్పు, పాపం తట్టుకోలేదు.

నీ లెక్క అన్నిచోట్లా నిజమైంది. ఇక్కడ ఒక్కచోట దాన్ని తప్పు చెయ్యాలి. మావాణ్ణి వెంటబెట్టుకుని తొందరగా రా.

నీ వదిన